గుండె గీసిన గీత

“గుండె గుభేలుమన్నది” అంటాము తెలుగులో. “దిల్ బైఠ్ గయా” అంటారు ఉర్దూలో. భయదుఃఖాలకు గుండెతో గల సంబంధాన్ని ఉభయ భాషలూ ఏనాడో గుర్తించాయి. మేము వైద్యులము కాకపోయినా, ఆ సంబంధాన్ని శాస్త్రదృష్టితో సంగ్రహంగా తెలుపుటే ఈ వ్యాసం ఉద్దేశ్యము.

గుండె కొట్టుకొనే ప్రతిసారీ అందులో సూక్ష్మమైన విద్యుత్తు ప్రసరిస్తుంది. దానిని స్పష్టంగా నమోదు చేసే సాధనాన్ని రూపొందించిన హాలండు శాస్త్రజ్ఞుడు విలెం ఐంథోవెన్ 1924లో నోబెల్ బహుమతి పొందాడు. ఆ లేఖనమే ఇ.సి.జి. అందలి తరంగాలకు ఆయన ఇచ్చిన పి, క్యూ, ఆర్, ఎస్, టి అనే పేర్లు నేటికీ నిలిచి ఉన్నాయి.

హృదయ ధమని పూర్తిగా మూసుకొనిపోతే, రక్తమందని కండరము దెబ్బతింటుంది. అప్పుడు ఎస్, టి తరంగాల నడుమ దాదాపు సమతలంగా ఉండవలసిన గీత సాధారణంగా పైకి లేస్తుంది. ఛాతీపై ఏ స్థానంలో, ఏ అవయవం దిశలో తీసిన గీత లేచిందో చూచి, గుండెలో ఏ భాగము గాయపడిందో వైద్యులు గుర్తిస్తారు.

గీత గాయాన్ని తెలుపుతుంది. ఆ గాయానికి శరీరమంతా ఎట్లు స్పందించిందో హార్మోనులు తెలుపుతాయి. నొప్పి, భయము కలుగగానే మూత్రపిండాలపై నున్న అధివృక్క గ్రంథులు అడ్రినలిన్‌ను, కార్టిసాల్‌ను అధికంగా స్రవిస్తాయి. ఆపదలో పరుగెత్తుటకు తోడ్పడే అడ్రినలిన్ ఇక్కడ భారమవుతుంది. గుండె వేగము పెరుగుతుంది, ప్రాణవాయువు అవసరమూ పెరుగుతుంది. అందే రక్తము మాత్రము తగ్గి ఉన్నది. లయ తప్పే ప్రమాదము హెచ్చుతుంది. జఠరికలు వణకనారంభిస్తే ఇ.సి.జి.లో క్రమమైన తరంగాలు మాయమై అస్తవ్యస్తమైన గీతలే మిగులుతాయి. వెంటనే చికిత్స అందకున్న మరణము తప్పదు.

కేవలం దుఃఖము వలననే ఇట్టి స్థితి కలుగవచ్చునని జపాను వైద్యులు 1990లో వర్ణించిన ‘టాకోట్సుబో’ వ్యాధి చూపుతుంది. ఆప్తుల మరణము వంటి ఆఘాతము తరువాత గుండెపోటు వంటి నొప్పి, అటువంటి ఇ.సి.జి. మార్పులే కనిపిస్తాయి, కాని వాటికి కారణము కాదగిన ధమని మూసివేత కనిపించదు. అడ్రినలిన్ వంటి హార్మోనుల వెల్లువే ముఖ్యకారణమని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

తొలి ఇ.సి.జి. సరిగా ఉన్నంత మాత్రాన గుండెపోటు లేదనరాదు. అందుచేతనే దానిని మరల తీస్తారు. ట్రోపోనిన్ అనే ప్రోటీను కొరకు రక్తపరీక్ష చేస్తారు. మధుమేహమున్న వారిలో నొప్పి స్పష్టంగా తెలియకపోవచ్చును కూడా.

విద్యార్థి మిత్రులారా! ఇంట పెద్దలు ఛాతీ బరువుగా ఉన్నదని చెమటలు పట్టి కూర్చుంటే, “గ్యాసు”అని సోడా ఇచ్చి తెల్లవారు వరకు వేచి ఉండకండి. వారిని నడిపించకండి. ధైర్యము చెప్పి, వెంటనే 108కు ఫోను చేయండి. ఆ వేళ మన ఆర్భాటము వారి భయాన్ని పెంచుతుంది. మన జాప్యము గుండె కండరాన్ని హరిస్తుంది.