పొట్టి పానా, బిగువైన నోరు

2010లో నంబరు మారేదాకా 9వ నంబరు జాతీయ రహదారిగా అందరికీ తెలిసిన హైదరాబాద్–విజయవాడ రోడ్డు, ఇప్పుడు 65గా మారి, తెలంగాణ సరిహద్దు దాటాక జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల మీదుగా సాగుతుంది. కృష్ణా జిల్లా మెట్ట అని పేరుపడి, 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలో చేరిన ఈ ప్రాంతంలో సున్నపురాయి గనులు, జయంతిపురం, ముక్త్యాల వంటి చోట్ల సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. నల్లరేగడి భూముల్లో పత్తి, మిరప పండుతాయి. అందువల్ల ఇక్కడి మెకానిక్ షెడ్డుకు సిమెంటు లారీ, పత్తి ట్రాక్టరు, ఆటో, పాత మారుతి ఓమ్నీ వ్యాను ఏదైనా రావచ్చు. విడిభాగాల కోసం విజయవాడ ఆటోనగర్ ఉండనే ఉంది గానీ, నందిగామ నుంచి అది దాదాపు 50 కిలోమీటర్లు, జగ్గయ్యపేట నుంచి ఇంకా ఎక్కువ. ఒక్క నట్టు మూలలు అరిగిపోయి గుండ్రంగా తయారైతే బండి ఆ పూటకు కదలదు. ఇంత రకరకాల బండ్లను చూసే షెడ్డులో పొట్టి పానాల సెట్టు ఎలాంటిది ఉండాలన్నది చిన్న విషయంగా కనిపించినా, దాని వెనుక కొంత యంత్రశాస్త్రం, కొంత లోహశాస్త్రం ఉన్నాయి.

పొట్టి పానా అంటే నోటి కొలత మామూలు పానాదే అయి, పిడి మాత్రం బాగా కురచగా ఉండే పానా. 10 నంబరు మామూలు కాంబినేషన్ పానా, అంటే ఒక కొసన తెరిచిన నోరు, రెండో కొసన రింగు ఉన్నది, 15 సెంటీమీటర్ల వరకు ఉంటే, పొట్టిది 9 నుంచి 10 సెంటీమీటర్లలో ముగుస్తుంది. ఇంజను వెనుక ఉండే ఆటోలో పక్క రేకుకూ ఇంజనుకూ మధ్య, ముందు సీట్ల కింద ఇంజను ఉండే ఓమ్నీలో సీటు ఎత్తాక మిగిలే కంతలో, ట్రాక్టరు డైనమో వెనుక, లారీ స్టార్టర్ మోటారు పై బోల్టు దగ్గర మామూలు పానా నట్టు మీద కూర్చుంటుంది గానీ తిరగదు, ఎందుకంటే దాని తోక ఎక్కడో తగులుతుంది. పొట్టి పానా పుట్టింది అలాంటి చోట్ల కోసమే.

అయితే పిడి కురచైతే తిప్పే బలం కూడా తగ్గుతుంది. బిగువును న్యూటన్ మీటర్లలో కొలుస్తారు. చేతితో వేసే బలాన్ని, నట్టు మధ్య నుంచి చేయి ఉన్న చోటికి గల దూరంతో గుణిస్తే వచ్చేది అదే. 8.8 గ్రేడు బోల్టుల్లో 8 మి.మీ. మరల బోల్టుకు, అంటే సాధారణంగా 13 పానా పట్టేదానికి, సుమారు 25 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. మామూలు పానాను 14 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే ఇందుకు 18 కిలోల బరువుకు సమానమైన తోపు సరిపోతుంది. పొట్టి పానాను 8 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే 32 కిలోల తోపు కావాలి. 17 పానా పట్టే 10 మి.మీ. బోల్టుకైతే 50 న్యూటన్ మీటర్లు అవసరం గనుక, పొట్టి పానాను అదే దూరంలో పట్టుకుంటే అది 64 కిలోల దాకా వెళ్తుంది. లారీ కింద వెల్లకిలా పడుకొని, మోచేయి మడిచిన మనిషి ఆ బలం వేయలేడు. కనుక పెద్ద బోల్టుల విషయంలో పొట్టి పానా పని సందులోకి చేరడం, నట్టును తిప్పుకుంటూ రావడం మాత్రమే; చివరి బిగింపు సాకెట్టుతోనో, టార్క్ రెంచితోనో జరగవలసిందే. పిడికి గొట్టం తొడిగి పొడవు పెంచుకొనే అలవాటు పొట్టి పానాల విషయంలో మరీ ప్రమాదకరం. గొట్టం పట్టేంత పిడి లేక అది జారి వేళ్లు చిట్లుతాయి. చిన్న బోల్టుల్లో మాత్రం ఈ లోపమే రక్షణ అవుతుంది. 10 పానా పట్టే 6 మి.మీ. బోల్టుకు దాదాపు 10 న్యూటన్ మీటర్లే తగిన బిగువు. అల్యూమినియం మూతలోకి దిగే అలాంటి బోల్టును పొడుగు పానాతో లాగి, మరలను ఊడగొట్టిన సందర్భాలు ఏ షెడ్డులోనైనా ఉంటాయి.

సెట్టు మంచిచెడ్డలు తేలేది నోటి దగ్గర. నట్టు మీద సులువుగా ఎక్కడానికి పానా నోరు ఆ నంబరు కన్నా కాస్త ఎక్కువ ఉండక తప్పదు. ఆ ఎక్కువ ఎంతన్నదే ప్రశ్న. 10 మి.మీ. నట్టు మీద నోరు 0.1 మి.మీ. వదులుగా ఉంటే, పానా సుమారు ఒక డిగ్రీ తిరిగి నట్టును పట్టుకుంటుంది; 0.3 మి.మీ. వదులైతే దాదాపు 3 డిగ్రీలు వృథాగా తిరిగి, పక్కల మీద కాక మూలల మీద ఆనుకుంటుంది. బలమంతా ఆ సన్నని అంచు మీద పడి, మూల నలిగి, నోరు జారుతుంది. పొట్టి పానాకు ఈ వదులు రెండింతల శత్రువు. తెరిచిన నోటిని పిడికి 15 డిగ్రీల వాలుతో చేస్తారు. అందువల్ల పానాను ప్రతిసారీ తిరగేసి పెడితే 30 డిగ్రీల కదలికతోనే నట్టును తిప్పుకుంటూ పోవచ్చు. 12 మూలల రింగుకూ కావలసింది ఆ 30 డిగ్రీలే, 6 మూలల రింగుకైతే 60. సందులో దొరికేది సరిగ్గా ఆ 30 డిగ్రీలే అయినప్పుడు, అందులో 3 డిగ్రీలు నోటి వదులుకే పోతే పానా తర్వాతి పక్కకు అందదు, పని అక్కడే ఆగిపోతుంది. పొడుగు పానాలో సర్దుకుపోయే ఈ లోపం పొట్టి దానిలో సర్దుకోదు గనుక, సెట్టుకు పెట్టే డబ్బు మెరుపుకూ పెట్టెకూ కాక నోటి కచ్చితత్వానికి పెట్టాలనడమే సబబు.

ఉక్కు సంగతి ఇంకొంచెం లోతైనది. మంచి పానాలను క్రోమియం, వనేడియం కలిసిన ఉక్కుతో చేస్తారు. ఉక్కు కడ్డీని ఎర్రగా కాల్చి, అచ్చుల మధ్య పెట్టి సమ్మెట యంత్రంతో కొట్టి రూపం తెస్తారు. దీన్నే డ్రాప్ ఫోర్జింగ్ అంటారు. తర్వాత మళ్లీ వేడి చేసి నూనెలో చల్లార్చి గట్టిపరుస్తారు. అలా గట్టిపడిన ఉక్కు పెళుసుగా ఉంటుంది గనుక, ఇంకోసారి తక్కువ వేడికి తెచ్చి దానికి పదును పెడతారు, అంటే గట్టిదనంలో కొంత వదులుకొని సాగేగుణం తెస్తారు. ఇంత చేసినందువల్లే పానా, తాను తిప్పే 8.8 గ్రేడు బోల్టు కన్నా గట్టిగా ఉండి, నోరు విచ్చుకోకుండా నిలుస్తుంది. షెడ్లలో పాత పానాను కోసి పొట్టి చేసుకోవడం, గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి వంచుకోవడం మామూలే. ఆ తెలివిని తక్కువ చేయనక్కరలేదు, కంపెనీలు చేయని వంపులు కూడా మెకానిక్కులు సాధిస్తారు. కానీ ఎర్రగా కాలి, తనంత తాను చల్లారిన చోట ఉక్కు పదును పోయి మెత్తబడుతుంది. పిడిని చల్లగా కోస్తే, కోత యంత్రం వేడి నోటి దాకా పాకనంత వరకు, నష్టం లేదు. నోటికి దగ్గరగా మంట పెడితే మాత్రం అది పేరుకే పానా.

సెట్టులో ఎన్ని ముక్కలున్నాయన్నది కాక, ఏ నంబర్లు ఉన్నాయన్నది చూడాలి. ఓమ్నీ వంటి మారుతి బండ్లలో జపాను పద్ధతి ప్రకారం 10, 12, 14, 17 నంబర్లు ఎక్కువగా పనిచేస్తాయి. పాత లారీలు, ట్రాక్టర్లలో 13, 17, 19 లేనిదే పూట గడవదు. కొత్త అంతర్జాతీయ కొలతల బోల్టులకు 16, 18 కూడా కావాలి. పొట్టి సెట్లు సాధారణంగా 10 నుంచి 19 దాకా వరుస నంబర్లతో వస్తాయి గనుక, వాటిలో 11, 15 వంటివి తక్కువగా చేతికొస్తాయి. బ్రేకుల్లో గాలి తీసే నిపుల్‌కు 8, 9 నంబర్లు కొన్ని బండ్లలో అవసరమవుతాయి, వాటిని విడిగా కొనుక్కోవాలి. డీజిల్ ఇంజెక్టరు పైపుల నట్లకు, అవి చాలావరకు 17 నంబరువే, రింగు పనికిరాదు. గొట్టం అడ్డు గనుక అది నట్టు మీదికి దిగదు. అక్కడ తెరిచిన నోరుగానీ, ఒక పక్క చీలిక ఉన్న రింగుగానీ కావాలి.

కొనేటప్పుడు పేరు కొంతవరకు దారి చూపుతుంది. 1969లో స్వీడన్ సంస్థ సాంకేతిక సహకారంతో మొదలైన టపారియా, చాలాకాలంగా ఉన్న ఝలానీ, జలంధర్, లూథియానా పట్టణాల్లోని తయారీదారుల సరుకు ఆంధ్ర పట్టణాల హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతుంది. తెరిచిన నోటి పానాలకు ఐ.ఎస్. 2028, రింగు పానాలకు ఐ.ఎస్. 2029 అనే భారతీయ ప్రమాణాలు ఉన్నాయి. పేరున్న సరుకుకు నకళ్లు వస్తాయి గనుక, ఒక్క అక్షరం తేడాతో పోలిన పేరు కనిపిస్తే పక్కన పెట్టడం మంచిది. పేరు కన్నా నమ్మదగినది చేతిపరీక్ష: 10, 13, 17 నంబర్ల కొత్త బోల్టులు మూడు జేబులో వేసుకొని వెళ్లి, నోట్లో పెట్టి అటూ ఇటూ ఊపి చూడాలి, ఊగులాట కంటికి కనిపించేంత ఉంటే ఆ సెట్టు వద్దు. నోటి రెండు దవడలూ సమాంతరంగా ఉన్నాయా, రింగు లోపలి మూలలు శుభ్రంగా తెగాయా, నంబరు ఉక్కులోకి దిగి ఉందా లేక పైన అచ్చేసిందా అన్నవి వెలుతురులో చూడాలి. క్రోమియం పూత తుప్పును ఆపుతుందే తప్ప బలం ఇవ్వదు. అయినా అంచుల్లో పొక్కులు ఉంటే మిగతా పనీ అంతంతమాత్రమే అనుకోవచ్చు.

పళ్ల చక్రంతో ఒకే వైపు తిరిగే రాచెట్ పొట్టి పానాలు ఇప్పుడు విరివిగా వస్తున్నాయి; 72 పళ్లది 5 డిగ్రీల కదలికతోనే ముందుకు సాగుతుంది గనుక ఇరుకులో దాని సౌకర్యం కాదనలేనిది. కానీ సిమెంటు లారీల పని చేసే షెడ్డులో గ్రీజుతో కలిసిన సిమెంటు దుమ్ము ఆ పళ్లలో చేరి, తేమ తగిలితే గడ్డకడుతుంది. ఇరుక్కున్న నట్టును మొదటిసారి కదిలించడానికి దాన్ని వాడితే పళ్లు విరుగుతాయి. అందుకే ఈ ప్రాంతంలో మొదట మామూలు పొట్టి సెట్టు కొని, రాచెట్‌వి 10, 12, 13 నంబర్లు మాత్రం తర్వాత చేర్చుకోవడం మేలు. ఏది కొన్నా, పోయిన ఒక్క నంబరును విడిగా అమ్మే దుకాణంలోనే కొనాలి.