తూటాల ఖజానా: డ్రమ్ము మ్యాగజైనుల లాభనష్టములు

మీ చేతిలో నున్న ఈ పత్రికను మ్యాగజైను అందురు. తుపాకిలో తూటాలుండు పెట్టెను గూడ మ్యాగజైను అనియే యందురు. రెంటికిని మూలమొక్కటే. అరబ్బీ భాషలో 'మఖ్జన్' అనగా సరకులు దాచు కొట్టు. ఆ ధాతువునుండియే మన కచ్చేరీ భాషలోనికి 'ఖజానా' అను మాటయు వచ్చినది. నిజాము పాలనలో శిస్తు చెల్లించిన నల్లగొండ, మహబూబునగరు రైతులకు ఖజానా యననేమో వేరుగా చెప్పవలసిన పనిలేదు. పత్రిక వ్రాతల ఖజానా. తుపాకి మ్యాగజైను తూటాల ఖజానా. ఖజానా యెంత పెద్దదైన అంత మేలని తోచుట సహజము. తుపాకి విషయమున అది ఎంతవరకు నిజము? ఏబదియో, నూరో తూటాలు పట్టు గుండ్రని డ్రమ్ము మ్యాగజైనుల వలన లాభమెంత, నష్టమెంత? ఈ ప్రసంగమున ఆ సంగతిని విచారింప దలచితిమి.

ఇందుకు మన జిల్లాల చరిత్రయే మంచి ఆరంభము. 1946 జూలై 4వ తేదీన, నాడు నల్లగొండ జిల్లాలో నుండిన జనగామ తాలూకా కడవెండి గ్రామమున, విసునూరు దేశముఖు మనుషుల కాల్పులలో దొడ్డి కొమరయ్య మరణించెను. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీనులు సాయుధ పోరాటమునకు పిలుపునిచ్చిరి. పల్లె జనుల చేతిలో నుండినవి కర్రలు, వడిసెలలు, కారపుపొడి, కొలదిగా భర్మారు తుపాకులు. భర్మారునకు ఖజానాయే లేదు. గొట్టపు మూతినుండి మందు పోసి, గుండు వేసి, గజముతో కూరవలెను. ఒక్కసారి పేలిన పిదప మరల సిద్ధము చేయుటకు అరనిమిషమో, అంతకు మించియో పట్టును. ఆ విరామములో తుపాకి పట్టినవానికి రక్షణ లేదు. ఎదుటివానికి మాత్రము ఊపిరి దొరకును. ఈ విరామమను మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక. మ్యాగజైనును గూర్చిన చర్చ యంతయు దాని చుట్టును తిరుగుచున్నది.

పోలీసుల చేతిలోని త్రీనాట్‌త్రీ రైఫిలు, అనగా లీ-ఎన్‌ఫీల్డు, ఆ విరామమును చాలవరకు తగ్గించినది. దాని పెట్టెలో 10 తూటాలు పట్టును. అయిదేసి తూటాల క్లిప్పులతో పైనుండి నింపుదురు. 1948 సెప్టెంబరు 13న మొదలైన పోలీసు చర్యతో వచ్చిన భారత సైన్యమునకు బ్రెన్, స్టెన్ తుపాకులు గూడ ఉండెను. బ్రెన్ పెట్టెలో 30, స్టెన్ పెట్టెలో 32 తూటాలు పట్టును. అయినను అనుభవజ్ఞులైన సైనికులు ఆ పెట్టెలను పూర్తిగా నింపెడివారు కారు. బ్రెన్‌లో తరచుగా 28తో సరిపుచ్చెడివారు. కిక్కిరిసిన పెట్టెలో స్ప్రింగు బిగిసి తూటా అడ్డము పడునేమోయని వారి జాగ్రత్త. పట్టునంత నింపుట వేరు, నమ్మదగినంత నింపుట వేరు అను పాఠము ఇందు కలదు.

ఇక డ్రమ్ము సంగతి. సామాన్యమైన పెట్టెలో తూటాలు ఒకదానిపై నొకటి పేర్చబడి, క్రిందనున్న స్ప్రింగు వానిని పైకి నెట్టుచుండును. తూటాలను పెంచినకొలది పెట్టె పొడవగును. బోరగిల పండుకొని కాల్చువానికి అది నేలకు తగిలి అడ్డు వచ్చును. కావున తూటాలను గుండ్రని డబ్బాలో చుట్టగా అమర్చి, గడియారములో వలె చుట్టిన స్ప్రింగుతో నడిపించు ఉపాయమును కనిపెట్టిరి. అమెరికాలో 1921 నాటి థాంప్సన్ తుపాకికి 50, 100 తూటాల డ్రమ్ము లుండెను. ఫిన్లండు దేశపు సువోమి తుపాకి డ్రమ్మును చూచి సోవియటు రష్యావారు తమ పీపీఎస్‌హెచ్-41 తుపాకికి 71 తూటాల డ్రమ్మును చేసికొనిరి. తరువాత వచ్చిన వారి ఆర్‌పీకే తేలికపాటి మెషీను తుపాకికి 75 తూటాల డ్రమ్ము గలదు. రైఫిళ్ళకు అమర్చు 100 తూటాల జంట డ్రమ్ములును వచ్చినవి.

లాభములను ముందుగా చెప్పుదము. మొదటిది, విరామములు తగ్గుట. తోటివారు చోటు మారునప్పుడు ఎదుటివారిని తల యెత్తనీయకుండ కాల్పులు సాగించువానికి ఇది గొప్ప సాయము. రెండవది, పొట్టిదనము. అన్ని తూటాలను నిలువు పెట్టెలో పెట్టినచో అది మూరెడు పొడవగును. మూడవది, బండిపైనను, కదలని కావలిచోటునను బరువు లెక్కకు రాదు. మొదటి ప్రపంచ యుద్ధమున లూయిస్ తుపాకికి పైన పళ్ళెము వంటి మ్యాగజైను ఉండెడిది. అదే తుపాకికి నేలపై నడచు సైనికునకు 47 తూటాల పళ్ళెము, విమానమున 97 తూటాల పళ్ళెము. తుపాకి మారలేదు, మోయువాడు మారెను.

నష్టములలో మొదటిది ఆ మోతయే. నూరు తూటాల థాంప్సన్ డ్రమ్ము నిండినప్పుడు నాలుగు కిలోలకు దగ్గరగ తూగును. తుపాకి బరువు వేరు. ఆర్‌పీకే డ్రమ్ము నిండిన సుమారు రెండు కిలోలు. పోలీసు చర్య పిమ్మట నల్లగొండ మైదానములలో నిలువలేక దళములు కృష్ణ కిరువైపులనున్న నల్లమల అడవులకు తరలినవి. అమ్రాబాదు గుట్టలెక్కిన వారెవరికైనను ఆ దారిలో రెండు కిలోల బరువన నేమో తెలియును. రెండవది, ఆకారము. గుండ్రని డబ్బా నడుముపట్టీలో ఇమడదు; కొన్నిటిలో తూటాలు కదలి గలగలమని చప్పుడు చేయును. మూడవది, నింపు శ్రమ. ఖాళీయైన డ్రమ్మును మరల నింపుటకు పెట్టెకంటె ఎక్కువసేపు పట్టును. నాలుగవది, నమ్మకము. భాగములు పెరిగినకొలది దుమ్మునకు, మట్టికి చిక్కుకొను చోట్లు పెరుగును. రష్యా డ్రమ్ములు ఒక తుపాకికి కుదిరినవి మరియొకదానికి సరిగా కుదరకపోవుటచే, యుద్ధము నడుమనే 35 తూటాల పెట్టెను ప్రవేశపెట్టిరి. అమెరికా సైన్యము 1942లో థాంప్సన్‌ను సులువుపరచి, డ్రమ్ము పట్టని ఎమ్1 తుపాకిగా మార్చి, 20, 30 తూటాల పెట్టెలతో తృప్తిపడెను. అయిదవది, వేడి. బ్రెన్ వంటి తుపాకికి కాలిన గొట్టమును తీసి వేరొకటి తగిలించు ఏర్పాటు కలదు. సామాన్య రైఫిలునకు లేదు. ఎడతెగక కాల్చిన గొట్టము కాగి గురి చెడును.

అన్నిటికంటె ముఖ్యమైనది సరఫరా. నాటి గెరిల్లాలు తూటాలను చాలవరకు ఎదుటివారినుండి చేజిక్కించుకొనవలసి యుండెను. అట్టివారికి డ్రమ్ము గింజలు లేని గాదెయే. వెనుక లారీలు, ఫ్యాక్టరీలు ఉన్నచోటనే పెద్ద ఖజానాకు అర్థము కలదు.

ఇంతవరకు యుద్ధభూమి లెక్క. సంతలో, బడిలో, సినిమా హాలులో లెక్క తలక్రిందులగును. అక్కడ విరామమే ప్రాణదాత. మన జిల్లాల బిడ్డలెందరో చదువులకు, కొలువులకు చేరియున్న అమెరికాలో దీనికి సాక్ష్యములు కలవు. 2011 జనవరి 8న ఆరిజోనా రాష్ట్రపు టూసాన్ నగరమున ఒక సభలో ఆరుగురిని చంపినవాడు 33 తూటాల మ్యాగజైను ఖాళీ చేసి మరియొకటి తగిలించు క్షణముననే చుట్టుపట్లవారు వానిని పడగొట్టి పట్టుకొనిరి. 2019 ఆగస్టు 4న డేటన్ నగరమున ఒకడు 100 తూటాల డ్రమ్ముతో వచ్చెను. పోలీసులు దగ్గరలోనే యుండి అరనిమిషములో వానిని కాల్చివేసిరి. ఆ అరనిమిషములోనే తొమ్మండుగురు ప్రాణములు కోల్పోయిరి. భర్మారును ఒక్కసారి నింపుటకు పట్టు కాలమది.

పెద్ద మ్యాగజైనులను నిషేధింపరాదను వారి వాదమును గూడ వినవలెను. అలవాటైన చేయి రెండు మూడు సెకండ్లలో పెట్టె మార్చును. దుర్మార్గుడు పది చిన్న పెట్టెలు తెచ్చుకొనవచ్చును. నిషేధము చట్టమునకు లోబడువారినే కట్టివేయునని వారందురు. ఇది త్రోసివేయదగిన మాట కాదు. 2012లో అరోరా సినిమా హాలులో పన్నెండుగురిని చంపినవాని నూరు తూటాల డ్రమ్ము నడుమనే అడ్డుపడెనన్న సంగతియు నిజమే. అయినను టూసాన్‌లో ఒక్క క్షణము చాలినది. అట్టి క్షణములు ఎన్ని యుండిన అన్ని ప్రాణములు దక్కునని మా అభిప్రాయము.

మన దేశమున 1959 నాటి ఆయుధ చట్టము ఈ సంగతిని తన నిర్వచనములోనే ఇమిడ్చినది. మీట నొక్కిపట్టినంతసేపు, లేక మ్యాగజైను ఖాళీయగు వరకు ఎడతెగక ప్రేలు తుపాకి నిషిద్ధాయుధము. తక్కిన తుపాకులకు లైసెన్సు వలయును. 2019 సవరణ వలన ఒక్కొక్కరు ఉంచుకొనదగిన తుపాకుల సంఖ్య మూడునుండి రెండునకు తగ్గినది.

డ్రమ్ము మంచిదా, చెడ్డదా యని యెవరైన నడిగినచో మేము రెండు ప్రశ్నలతో బదులు చెప్పుదుము. దానిని మోయువాని వెనుక సరఫరా యున్నదా? వాని యెదుట ఎవరున్నారు? మొదటిదానికి సేనాపతి సమాధానము చెప్పుకొనవలెను. రెండవదానికి సంతకు, బడికి, సినిమాకు పోవు మనమందరము చెప్పుకొనవలెను.