గంప మీద పడ్డ చట్టం మండీ గుమ్మం ఎక్కదేం?

మాఘ పౌర్ణమికి హంసలదీవిలో వేణుగోపాలస్వామి తిరునాళ్ళు. కృష్ణ సముద్రంలో కలిసే చోట స్నానాలకు జనం విరగబడి వస్తారు. ఆ దారి పక్కన గంప దించుకుని అరటిపండ్లు అమ్మేవాళ్ళలో చాలామంది మన కూలి ఆడవాళ్ళే. వరి నూర్పిళ్ళు అయిపోయి, మినుము తీతలు ఇంకా అందుకోని రోజులవి. వడ్డీకి డబ్బు తెచ్చి మండీలో సరుకెత్తుతారు.

ఒక ఏడు అక్కడ నా కళ్ళెదుటే ఒక అక్క గంప లాక్కుపోయారు. "కుళ్ళినయ్, కార్బైడ్ పెట్టినయ్" అన్నారు. గోతిలో పోసి పైన బ్లీచింగ్ చల్లారు. శాంపిలు తీయలేదు, కాగితం ముక్క ఇవ్వలేదు. ఆమె ఏడవలేదు. "తమ్ముడూ, అప్పు తెచ్చి కొన్నాను, వడ్డీ ఎవరు కడతారు?" అనడిగింది.

కుళ్ళిన పండు అమ్మకూడదు. దాంట్లో మనకు పేచీ లేదు, తినేది మన పిల్లలే. కార్బైడ్ అంతకన్నా పాడుది. తేమ తగిలితే ఎసిటిలీన్ వాయువు వస్తుంది, అందులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ మలినాలుంటాయి. 2011 నిబంధనల్లో దాన్ని నిషేధించారు. 2015లో ఉమ్మడి హైకోర్టు తనంత తానే కేసు చేపట్టి రెండు తెలుగు ప్రభుత్వాలనూ నిలదీసింది. అయితే కార్బైడ్ పెట్టేది ఎక్కడ? మాగేసే కొట్లో. ఆ పొట్లాలు గెలల మధ్య వట్టి చేతుల్తో సర్దేదీ మన కూలివాడే. గంపలో పండు మాగేస్తారా ఎవరన్నా!

2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం చదివితే నవ్వొస్తుంది, కోపమూ వస్తుంది. పొలంలో రైతు పండించిన పంటకు 18వ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది, మంచిదే. అదే పండు కూలిమనిషి గంపలోకి వచ్చేసరికి ఆమె 'వ్యాపారి' అయిపోయింది. 26వ సెక్షన్ ప్రకారం చిల్లర అమ్మకందారుకు సరుకిచ్చే వ్యాపారి నాణ్యతకు రాతపూర్వక హామీ ఇవ్వాలి. బిల్లు ఇస్తే అదే హామీ కింద లెక్క. ఏ మండీ షావుకారు గంపమ్మకు బిల్లిచ్చాడు? బిల్లు లేదు గనక నేరం ఆమె దగ్గరే ఆగిపోతోంది.

శాంపిలు తీస్తే రాతపూర్వకంగా నోటీసివ్వాలి, దాని ధర కట్టివ్వాలి. కారణం లేకుండా వేధించి సరుకు పట్టుకున్న అధికారికి 39వ సెక్షన్ కింద లక్ష రూపాయల దాకా జరిమానా పడుతుంది. భేషుగ్గా ఉంది గదా? కింద ఇంకో మాట కూడా రాశారు. ఫిర్యాదు అబద్ధమని తేలితే, చేసినవాళ్ళకే 50 వేలకు తగ్గకుండా లక్ష దాకా జరిమానా! రోజుకూలి మనిషి ఏ ధైర్యంతో సంతకం పెడుతుంది?

అందుకే ఫిర్యాదు కన్నా ముందు బిల్లు సంగతి పట్టుకోవాలి. ఒక్కతే అడిగితే "సరుకు లేదు పో" అంటాడు. తిరునాళ్ళకు సరుకెత్తే రోజున పదిమందీ కలిసి వెళ్ళాలి, సంఘం మనిషి వెంట ఉండాలి. తేదీ, తూకం, కొట్టు పేరు రాసిన చీటీ చేతికొచ్చాకే గంప తలకెత్తుకోవాలి. గంప పట్టుకోవడానికి వచ్చినవాళ్ళకు ఆ చీటీ చూపించి, మండీకి దారి మనమే చూపిద్దాం.