మీకు తెలుసా? బైపోలార్ వైద్యంలో రోగులు అడిగిన ప్రశ్నలు

హైదరాబాద్‌లో రాంనగర్ నుంచి చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ పెద్ద దూరం కాదు. గ్రూప్స్ పరీక్షలకి చదివే పిల్లలతో అది ఎప్పుడూ కిటకిటలాడుతుంది. అశోక్‌నగర్ హాస్టళ్లలోనైతే అర్ధరాత్రి దాటినా లైట్లు ఆరవు. బైపోలార్ జబ్బు ఎక్కువమందిలో మొదలయ్యేది ఆ పిల్లల వయసులోనే, అంటే టీనేజీ చివర్లోనూ ఇరవైల్లోనూ. మూడు గంటలే పడుకున్నా అలసట లేదు, మాట ఆగదు, చదివింది చదివినట్టు బుర్రకెక్కుతోంది అనిపిస్తుంది. స్నేహితులు ‘భలే కష్టపడుతున్నాడు’ అనుకుంటారు. అలా వారం గడిచిందంటే అది మేనియాకు, అంటే అదుపు తప్పిన ఉత్సాహ దశకు, తొలి గుర్తు కావచ్చు.

నిద్ర తగ్గడం జబ్బు లక్షణం మాత్రమే కాదు, జబ్బును రేపే నిప్పు కూడా. అమెరికాకు చెందిన మానసిక వైద్యుడు థామస్ వెర్, ఆయన సహచరులు 1987లోనే ఈ మాట చెప్పారు. కారణం ఏదైనా, అది మేనియాకు దారితీసే ముందు నిద్రను దెబ్బతీస్తుందని వాళ్ల వాదన. 1998లో ఆ బృందం ఒకే ఒక్క రోగి కథను ప్రచురించింది. ఆ మనిషికి ఉత్సాహం, కుంగుబాటు ఒకదాని వెంట ఒకటి వేగంగా వచ్చిపడేవి. రోజూ రాత్రి 14 గంటలు చీకట్లో పడుకోమన్నారు, తర్వాత మెల్లగా దాన్ని 10 గంటలకు తగ్గించారు. ఆ ఊగిసలాట ఆగింది. ఒక్కరి కథతో వైద్యం మారిపోదు, నిజమే. కానీ ఒక రోగి రాత్రులను అంత శ్రద్ధగా గమనించడం నాకెంతో నచ్చిన విషయం.

ఉపవాసం ఉండొచ్చా డాక్టర్ గారూ? మందుల పుస్తకాల్లో దొరకని ఈ ప్రశ్నను ముషీరాబాద్‌లో రంజాన్ ముందు అడుగుతారు, రాంనగర్‌లో శివరాత్రి ముందు అడుగుతారు. మొరాకోలోని కాసబ్లాంకాలో 1997 రంజాన్ నెలలో, లిథియం అనే మందు వాడుతున్న 20 మంది బైపోలార్ రోగులను వైద్యులు గమనించారు. తొమ్మిది మందికి జబ్బు తిరగబెట్టింది. రక్తంలో లిథియం పాళ్లకూ దానికీ సంబంధం కనిపించలేదు. 2010లో పాకిస్తాన్ వైద్యులు 62 మందిపై ప్రచురించిన అధ్యయనంలో ఫలితం వేరుగా వచ్చింది. అక్కడ లిథియం పాళ్లు చెప్పుకోదగ్గంతగా మారలేదు, మానసిక స్థితీ దిగజారలేదు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచేది ఒకటే. పస్తు కన్నా తెల్లవారుజామున లేవడం, రాత్రులు మేలుకోవడం, మాత్ర వేళలు తప్పడం మీదే ఎక్కువగా కన్నేసి ఉంచాలి. అందుకే జాగరం చేస్తానని మొక్కుకున్నవాళ్లు ముందుగా డాక్టరుతో చెప్పి తీరాలి. ఇంట్లోవాళ్లు కూడా ‘ఒక్క రాత్రికేమవుతుందిలే’ అనకూడదు.

లిథియం అంటే చాలామందికి ఫోన్ బ్యాటరీ గుర్తొస్తుంది. ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ 1949లో పది మంది మేనియా రోగులకు దాన్ని ఇచ్చి ఫలితాలు ప్రచురించాడు. డెన్మార్క్‌లో దానిపై పరిశోధనకు దశాబ్దాలు ధారపోసిన మోగెన్స్ షౌకి మాత్రం అది సొంత ఇంటి గొడవ. ఆయన సోదరుడికి మళ్లీ మళ్లీ డిప్రెషన్ వచ్చేది, లిథియంతోనే తెరిపిన పడ్డాడు.

ఈ మందుకు రక్తపరీక్ష తప్పనిసరి. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు, పొద్దుటి మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. దీర్ఘకాలం వాడేవాళ్లకు రక్తంలో లిథియాన్ని లీటరుకు 0.6 నుంచి 0.8 మిల్లీఈక్వివలెంట్ల మధ్య ఉంచడం మామూలు. మోకాలి నొప్పికని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు ఆ స్థాయిని పెంచేస్తాయి. మన ఏప్రిల్, మే ఎండల్లో ఒళ్లంతా చెమటపట్టి ఒంట్లో నీళ్లు తగ్గినా, వాంతులూ విరేచనాలూ పట్టుకున్నా అంతే. చేతుల వణుకు ఎక్కువైతే, నడక తూలితే, మాట ముద్దగా వస్తే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి. థైరాయిడ్, కిడ్నీ పరీక్షలూ మధ్యమధ్యలో ఉండాలి.

మందు పనిచేస్తున్నా మానేసేవాళ్లు ఎందుకు మానేస్తారు? చాలాసార్లు, ఒళ్లు వస్తోందని. ఈ మాటను చాలాకాలం ‘చిన్న ఇబ్బంది’ కింద కొట్టిపారేశారు. అమెరికాలో రోగులకు ముఖ్యమైన ప్రశ్నలపై పరిశోధనల కోసమే 2010 నాటి చట్టంతో ఒక సంస్థ పుట్టింది. దాని నిధులతో సిన్సినాటి విశ్వవిద్యాలయానికి చెందిన మెలిస్సా డెల్‌బెల్లో బృందం, బైపోలార్ మందులతో బరువెక్కిన 1,500 మందికి పైగా పిల్లలను, యువతను పరిశీలించింది. కొందరికి తిండి, వ్యాయామం సలహాలు మాత్రమే ఇచ్చారు, కొందరికి వాటితోపాటు మెట్‌ఫార్మిన్ అనే మాత్ర ఇచ్చారు. మెట్‌ఫార్మిన్‌తో కొద్దిపాటి మేలు కనిపించింది. కొద్దిపాటిదే కావచ్చు, కానీ పిల్లలూ తల్లులూ ఏళ్ల తరబడి మొరపెట్టుకున్న బాధకు అంకెల్లో జవాబు దొరికింది.

‘బాగైంది’ అని ఎవరు చెప్పాలి? కెనడాలో ఎరిన్ మైఖలాక్ బృందం ఈ ప్రశ్నను నేరుగా రోగులనే అడిగింది. వాళ్లతోనూ కుటుంబాలతోనూ మాట్లాడి 2010లో 56 ప్రశ్నల కొలమానం తయారుచేసింది. అందులో మూడ్ ఒక్కటే కాదు, నిద్ర, డబ్బు, ఇంటిపనులు, స్నేహాలు, ఆత్మగౌరవం, దైవభక్తి కూడా ఉన్నాయి. ‘నేను మళ్లీ నా జీతం నేనే లెక్కపెట్టుకుంటున్నాను’ అనగలిగితే అది కూడా కోలుకోవడమే. ఏ స్కానింగూ చెప్పలేని సంగతి ఇది.

ఇంతకీ చికిత్స అందేది ఎందరికి? బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ నడిపిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, బైపోలార్ ఉన్నవారిలో దాదాపు 70 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఆ పన్నెండిట్లో లేవు. మనవాళ్ల మాటలు ఆ లెక్కల్లోకి ఎక్కకపోవడం నన్ను బాధపెడుతుంది.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది. దాని ప్రకారం, జబ్బు ముదిరినప్పుడు తనకు ఎలాంటి వైద్యం చేయాలో, ఏది చేయకూడదో మనిషి తెలివిలో ఉన్నప్పుడే రాసిపెట్టుకోవచ్చు. తన తరఫున మాట్లాడే మనిషినీ ఎంచుకోవచ్చు. ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి వెళ్లే ఓపిక ఇంకా రాకపోతే, టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. కాల్ ఉచితం, రాత్రి ఏ వేళైనా ఎత్తుతారు.