‘నో ఫాల్ట్ ఫౌండ్’ అంటే ఊరుకోవద్దు!

కొత్త కారు కొన్నారా? లేదంటే కొనబోతున్నారా? మైలేజీ ఎంత, సన్‌రూఫ్ ఉందా, టచ్‌స్క్రీన్ ఎన్ని అంగుళాలు... ఇవన్నీ ఇప్పటికే యూట్యూబ్‌లో చూసేసి ఉంటారు. నేను చెప్పేది వాటి గురించి కాదు. కొన్న మూడు నెలలకే ఆ టచ్‌స్క్రీన్ నల్లబడిపోయి, మీటర్‌లో హెచ్చరిక లైట్లన్నీ ఒక్కసారే వెలిగితే? సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే ‘ఏమీ లేదు సార్, అంతా ఓకే’ అని తాళాలు చేతిలో పెడితే? అప్పుడేం చేయాలన్నదే ఈ కథనం.

ఇది నా సొంత అనుభవం. నేను చదివింది ఈసీఈ. ఉద్యోగం చేస్తూ టెక్నాలజీ మీద బ్లాగు రాస్తుంటాను. ఫోన్ ఎందుకు హ్యాంగ్ అవుతోందో పదిమందికి చెప్పేవాణ్ని. నా కారుకి ఏమైందో తేలడానికి మాత్రం ఐదు నెలలు పట్టింది.

సూర్యాపేట దాటాక...

పండక్కి హైదరాబాద్ నుంచి విజయవాడ బయల్దేరాం. రాత్రి తొమ్మిది దాటింది. పక్క సీట్లో నాన్న. సూర్యాపేట దాటి కొంతదూరం వెళ్లామో లేదో, మీటర్‌లో ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, స్టీరింగ్, ఇంజిన్ లైట్లు అన్నీ ఒకేసారి వెలిగాయి. స్క్రీన్ ఆరిపోయింది. స్టీరింగ్ ఒక్కసారిగా బిగుసుకుంది. వెనక లారీ హారన్ కొడుతోంది. రెండు చేతులతో బలంగా తిప్పి ఎలాగోలా పక్కకి తీసి ఆపాను. ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే, ఏమీ జరగనట్టే అన్నీ మామూలుగా పనిచేశాయి!

‘ఒరేయ్, ఇది నిజంగా కొత్త బండేనా?’ అన్నాడు నాన్న. డౌన్‌పేమెంట్ ఆయన రిటైర్మెంట్ డబ్బుల్లోంచి ఇచ్చిందే. మిగతాది ఐదేళ్ల ఈఎంఐ. తిరుగు ప్రయాణంలో ‘నేను బస్సులో వస్తాలేరా’ అన్నాడు. ఆ మాట నన్ను ఈఎంఐ కంటే ఎక్కువ బాధపెట్టింది.

మూడుసార్లు వెళ్లినా...

మొదటిసారి సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టారు. ‘కొన్ని కోడ్స్ వచ్చాయి సార్, క్లియర్ చేసేశాం. ఇక రాదు’ అన్నారు. రెండు వారాలకి మళ్లీ వచ్చింది. రెండోసారి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశారు. మళ్లీ వచ్చింది. మూడోసారి బ్యాటరీ టెస్ట్ చేసి బాగుందన్నారు. ఆ తర్వాత అడ్వైజర్ కళ్లు నా డ్యాష్‌క్యామ్ మీద పడ్డాయి. ‘ఇది బయట పెట్టించారు కదా సార్? వైర్ కట్ చేశారు. ఇక ఎలక్ట్రికల్ వారంటీ కష్టం’ అనేశారు.

నిజం చెప్పాలంటే అక్కడ తప్పు నాదే. కొన్న వారంలోనే రోడ్డు పక్క యాక్సెసరీస్ షాపులో ఆ కెమెరా పెట్టించాను. ఫ్యూజ్ దగ్గర తీసుకోవాల్సిన కరెంటుని ఒరిజినల్ వైరు కోసి, టేపు చుట్టి తీసుకున్నాడు ఆ కుర్రాడు. దగ్గరే నిలబడి చూస్తూ కూడా నేనేమీ అనలేదు. వారంటీ పుస్తకం తెరిచి చూస్తే వైరింగ్‌లో మార్పులు చేస్తే వర్తించదని స్పష్టంగా రాసుంది. డెలివరీ రోజు ఆ పుస్తకంతో ఫొటో దిగాను కానీ, చదవలేదు.

ఇంటికొచ్చి పాత జాబ్ కార్డులు తీశాను. అసలు షాక్ అక్కడ తగిలింది. మూడింట్లోనూ నా ఫిర్యాదు చోట ఉన్నది ఒకటే మాట: ‘జనరల్ చెకప్’. అంటే కాగితం మీద నా కారుకి ఎప్పుడూ ఏ జబ్బూ లేదు!

కారు కాదు, చక్రాల మీద నెట్‌వర్క్

ఇప్పటి కార్లలో ఇలా ఎందుకు జరుగుతుందో కాస్త చూద్దాం. ఇంజిన్, బ్రేకులు, స్టీరింగ్, ఎయిర్‌బ్యాగ్‌లు, తలుపులు... దాదాపు ప్రతిదానికీ ఒక చిన్న కంప్యూటర్ ఉంటుంది. దాన్నే ఈసీయూ అంటారు. ఖరీదైన కార్లలో ఇవి వంద దాకా ఉంటాయి. ఇవన్నీ మాట్లాడుకునే దారి పేరు క్యాన్ బస్. బాష్ కంపెనీ దీన్ని 1986లో ప్రపంచానికి చూపించింది. మన దేశంలో 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6, 2023 ఏప్రిల్ నుంచి దాని రెండో దశ వచ్చాక, కాలుష్య నియంత్రణ పరికరాల మీద కారే నిరంతరం నిఘా పెట్టుకోవాల్సి వచ్చింది. దాంతో సెన్సర్లూ పెరిగాయి, హెచ్చరికలూ పెరిగాయి.

ఏ ఈసీయూకైనా తేడా అనిపిస్తే ఒక కోడ్ రాసి పెట్టుకుంటుంది. ‘పీ’తో మొదలైతే ఇంజిన్, గేర్‌బాక్స్ వైపు. ‘సీ’ అంటే బ్రేకులు, స్టీరింగ్ లాంటివి. ‘బీ’ అంటే బాడీ, అంటే ఎయిర్‌బ్యాగ్‌లు, ఏసీ వగైరా. ‘యూ’ అంటే ఈసీయూల మధ్య మాటలు తెగిపోయాయని. చాలా ఇంజిన్ కోడ్‌లతో పాటు ఆ క్షణంలో స్పీడ్ ఎంత, ఇంజిన్ వేడి ఎంత అన్న వివరాలు కూడా సేవ్ అవుతాయి. వీటిని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. కోడ్‌లు క్లియర్ చేస్తే ఈ వివరాలూ చెరిగిపోతాయి. దొంగతనం జరిగిన ఇంట్లో పోలీసులు రాకముందే నేలంతా కడిగేసినట్టన్నమాట. నా కారుకి మొదటి రోజు జరిగింది అదే. అందుకే గుర్తుపెట్టుకోండి: ‘స్కాన్ రిపోర్ట్ ప్రింట్ ఇచ్చాకే క్లియర్ చేయండి’ అని అడగాలి. అడిగినా ఇవ్వకపోతే ఆ స్క్రీన్‌ని ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి.

బగ్ రిపోర్టు రాశాను

కంపెనీలో టెస్టింగ్ టీమ్ ‘యాప్ పనిచేయట్లేదు’ అని ఒక్క ముక్క రాసి పంపితే మనం ఒప్పుకుంటామా? ఎప్పుడు, ఎలా, ఏం నొక్కితే వచ్చిందో చెప్పమంటాం. నా కారు విషయంలో నేను మాత్రం ‘ఏదో లైట్లు వస్తున్నాయండీ’ అని చెప్పి వచ్చేవాణ్ని. పద్ధతి మార్చాలనిపించింది.

ముందు ఆ డ్యాష్‌క్యామ్ తీయించేసి, కోసిన వైరుని సర్వీస్ సెంటర్‌లోనే నా సొంత డబ్బుతో బాగు చేయించాను. దానికి బిల్లు తీసుకున్నాను. ఆ తర్వాత లైట్లు వెలిగిన ప్రతిసారీ తేదీ, సమయం, కిలోమీటర్ రీడింగ్, ఏసీ ఉందా లేదా, రోడ్డు ఎలా ఉంది... అన్నీ ఫోన్‌లో రాసుకున్నాను. పక్కన ఎవరైనా ఉంటే వీడియో తీయించాను. కారు నడుపుతూ మీరే తీయొద్దు సుమా! ఓబీడీ పోర్టుకి పెట్టే బ్లూటూత్ రీడర్ ఒకటి కొని కోడ్‌లు చదివాను. చెరపలేదు. ఇంటికొచ్చాక రీడర్ తీసేసేవాణ్ని. ఎందుకంటే అలాగే వదిలేస్తే అదే బ్యాటరీని కొంచెం కొంచెంగా లాగేస్తుంది.

ఆరు వారాల్లో ఏడుసార్లు వచ్చింది. పట్టిక చూస్తే విషయం దానంతటదే బయటపడింది. ఏడింట్లో ఆరుసార్లు రాత్రిపూట, హెడ్‌లైట్లు, ఏసీ రెండూ ఉన్నప్పుడు, గతుకుల మీదే! పైగా ప్రతిసారీ వోల్టేజ్ తగ్గిందని చెప్పే కోడ్ ఉంది. డ్యాష్‌క్యామ్ తీసేశాక కూడా వచ్చింది కాబట్టి నింద దాని మీద వేయడానికి లేదు.

ఆ పట్టిక, వీడియోలు, పాత జాబ్ కార్డులు కలిపి కంపెనీ కస్టమర్ కేర్‌కి మెయిల్ చేశాను. కాపీ డీలర్‌కి. నాలుగోసారి వెళ్లినప్పుడు జాబ్ కార్డులో నా మాటలే రాయించాను: ‘రాత్రి, ఏసీ, హెడ్‌లైట్లు వేసి గతుకుల్లో వెళ్తుంటే స్టీరింగ్ బిగుసుకుంటోంది, లైట్లన్నీ వస్తున్నాయి’.

ఈసారి నా పట్టిక చూసిన టెక్నీషియన్ వయసు పాతికలోపే ఉంటుంది. ‘అన్నా, ఇది ఎర్త్ ప్రాబ్లెంలా ఉంది’ అన్నాడు. లోడ్ అంతా ఆన్ చేసి, బ్యాటరీ నెగెటివ్‌కీ బాడీకీ మధ్య మల్టీమీటర్ పెట్టాడు. అక్కడ దాదాపు సున్నా ఉండాలి. కేబుల్ కదిపినప్పుడల్లా అంకెలు ఎగిరిపడ్డాయి. ఎర్త్ కేబుల్ బోల్టు మొదటి నుంచీ సరిగ్గా బిగించలేదు! శుభ్రం చేసి బిగించడానికి ఇరవై నిమిషాలు పట్టింది. పార్టుల ఖర్చు సున్నా. ఎర్త్ వదులైతే ఈసీయూలకి కరెంటు సరిగ్గా అందదు. ఒక్కొక్కటీ తన గోడు తాను చెప్పుకుంటుంది. లైట్లు పది వెలిగినా రోగం ఒక్కటే.

వారంటీలో చిన్న అక్షరాలు

నాలా చేయకండి. డెలివరీ రోజే ఇవి చూసుకోండి.

• బ్యాటరీ, టైర్ల వారంటీ చాలాసార్లు కారు కంపెనీది కాదు, వాటిని తయారుచేసిన కంపెనీలది. కాలం కూడా వేరేగా ఉంటుంది. ఆ కార్డులు విడిగా అడిగి తీసుకోండి.

• వారంటీలో మార్చిన పార్టుకి సాధారణంగా కొత్త వారంటీ మొదలవదు. అసలు వారంటీలో మిగిలిన కాలమే దానికీ వర్తిస్తుంది.

• ఎక్స్‌టెండెడ్ వారంటీ కొనేముందు టచ్‌స్క్రీన్, సెన్సర్లు, వైరింగ్ అందులో ఉన్నాయో లేదో చూడండి. అడ్వైజర్ ‘అన్నీ వస్తాయి సార్’ అంటే ఆ మాట మెయిల్‌లో పెట్టమనండి.

• యాక్సెసరీస్ ఏవైనా వైరు కోయకుండా, కప్లర్‌తోనో ఫ్యూజ్ ట్యాప్‌తోనో పెట్టించండి. బిల్లు దాచుకోండి.

• జాబ్ కార్డు మీద సంతకం పెట్టేముందు మీ ఫిర్యాదు మీ మాటల్లో ఉందో లేదో చదవండి.

అప్పటికీ వినకపోతే?

అమెరికాలో పదేపదే చెడిపోయే కొత్త కార్ల కోసం ‘లెమన్ లా’ అని ప్రత్యేక చట్టాలున్నాయి. మొదటిది 1982లో కనెక్టికట్ రాష్ట్రంలో వచ్చింది. మన దగ్గర అలాంటి ప్రత్యేక చట్టం లేదు. అలాగని దారి లేదనుకోవద్దు.

ముందుగా 1915కి ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కేసు వేయొచ్చు. షోరూం ఎక్కడున్నా సరే, మీరు ఉంటున్న లేదా పనిచేస్తున్న జిల్లాలోని కమిషన్‌లోనే వేయొచ్చు. చెల్లించిన ధర 50 లక్షల రూపాయల లోపైతే జిల్లా కమిషన్ చాలు. ఫీజు కూడా పెద్దగా ఉండదు. ధర 5 నుంచి 10 లక్షల మధ్యైతే 200 రూపాయలు, 10 నుంచి 20 లక్షల మధ్యైతే 400. ఆన్‌లైన్‌లో ఇ-జాగృతి పోర్టల్ ద్వారా వేయొచ్చు. సమస్య తలెత్తిన రెండేళ్లలోపు వేయాలన్నది మర్చిపోకండి.

ఒక్క విషయం మాత్రం ముందే తెలుసుకోండి. ‘కొత్త కారే కావాలి’ అని గెలవడం అంత తేలిక కాదు. వారంటీలో పాడైన భాగం మారుస్తామని మాత్రమే ఉంటే, మొత్తం కారు మార్చమనలేమని 2006లో ఒక కారు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తయారీ లోపం ఉందని నిరూపించడానికి నిపుణుల నివేదిక కీలకమవుతుంది. మళ్లీ అక్కడికే వచ్చాం: ఆధారాలు. జాబ్ కార్డుల్లో ‘జనరల్ చెకప్’ అని ఉంటే ఏ కమిషన్ మాత్రం ఏం చేస్తుంది?

భద్రతకు సంబంధించిన లోపమైతే ఇంకో దారి కూడా ఉంది. 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం, ఏడేళ్లలోపు వాహనాల్లో ఒకే లోపం మీద నిర్ణీత సంఖ్యలో ఫిర్యాదులు వస్తే ప్రభుత్వం రీకాల్‌కి ఆదేశించవచ్చు. మీ ఒక్కరి ఫిర్యాదుతో అయిపోదు. కానీ మీరు ఇవ్వకపోతే ఆ లెక్కలో ఒకటి తగ్గుతుంది.

చివరగా, ఈ పేజీ చదివే ఈసీఈ, ఈఈఈ, మెకానికల్ వాళ్లకి ఒక మాట. నా సమస్యని పట్టుకున్నది ఖరీదైన స్కానర్ కాదు, మల్టీమీటర్ వాడటం తెలిసిన ఒక కుర్రాడు. కోడ్ చదవడం ఎవరైనా నేర్చుకుంటారు. ఆ కోడ్ ఎందుకు వచ్చిందో ఆలోచించేవాళ్లు ఎక్కడా తక్కువే. క్యాన్, వోల్టేజ్ డ్రాప్ టెస్ట్, వైరింగ్ డయాగ్రమ్ చదవడం... ఇవి ల్యాబ్‌లో మార్కుల కోసం చేసి వదిలేయకండి.

ఎర్త్ బిగించి ఎనిమిది నెలలైంది. లైట్లు మళ్లీ రాలేదు. మొన్న ఊరికి బయల్దేరుతుంటే నాన్న వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. బెల్టు పెట్టుకుంటూ అడిగాడు: ‘ఆ బోల్టు ఒకసారి చూశావురా?’

చూశాను.