దిండు కింద డిటెక్టివ్, పెట్టెలో కాశీయాత్ర

"ఏందన్నా, లైట్ బంజేయవా? పొద్దుగాల నాలుగింటికి లేవాలె" అని పైబెడ్ తమ్ముడు రోజూ అడుగుతాడు. "ఒక్క పేజీ తమ్మీ, హంతకుడు దొరకబోతున్నడు" అంటాను నేను. ఖతార్‌లోని మా క్యాంపులో ఇది రోజూ ఉండే ముచ్చటే.

మా రూములో ఎనిమిది మందిమి. అందరి చేతుల్లో ఫోన్లున్నా, సెలవుకు ఊరికి పోయి వచ్చేవాళ్లు పచ్చళ్లతో పాటు పాత పుస్తకాలూ తెస్తారు. అట్లా వచ్చినవే కొమ్మూరి సాంబశివరావు రాసిన డిటెక్టివ్ యుగంధర్ నవలలు, మధుబాబు షాడో నవలలు. కొన్నిటికి అట్టలు లేవు, కొన్నిటికి చివరి పేజీలే లేవు. అప్పుడు హంతకుడెవరో రూమంతా కలిసి తేల్చాల్సిందే!

ఇవి టైంపాస్ పుస్తకాలని కొందరు తీసిపారేస్తారు. నేను ఒప్పుకోను. ఎండలో పనిచేసి వచ్చినవాడికి బరువైన పుస్తకం తలకెక్కదు. యుగంధర్, ఆయన అసిస్టెంట్ రాజు చిక్కుముడి విప్పుతుంటే ఆ గంటసేపు అప్పు, వడ్డీ, ఇంటి బెంగ గుర్తుకు రావు. మన కష్టాలు ఎప్పుడు తీరతాయో మనకు తెలియదు. ఆ నవలలో మాత్రం చివరికి లెక్క తేలుతుంది. ఆ తృప్తితో నిద్ర పడుతుంది. షాడో సంగతి వేరు. ఎన్ని దెబ్బలు తిన్నా లేస్తాడు. చదవడానికి హుషారే గానీ నమ్మబుద్ధి కాదు. మనకైతే చిన్న దెబ్బ తగిలినా సిక్ లీవ్ కోసం తిప్పలే!

నమ్మదగిన సాహసం కావాలంటే సొంత అనుభవం రాసుకున్నవాళ్లను చదవాలి. నాకు నచ్చింది ఏనుగుల వీరాస్వామి 'కాశీయాత్ర చరిత్ర'. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న దాదాపు వంద మందితో బయల్దేరి, కాశీకి పోయి, 1831 సెప్టెంబర్ 3న ఇల్లు చేరారు. అప్పటికి మన దేశంలో రైళ్లే లేవు. 1838లో ఆ పుస్తకం అచ్చయింది. భాష పాతది కాబట్టి మొదట్లో తడబడ్డాను. హైదరాబాదు దాటి ఆర్మూరు, నిర్మల్ దారి పట్టగానే ఇక పుస్తకం వదల్లేదు. మన ఊళ్లే కదా!

అందులో కత్తియుద్ధాలు లేవు. ఎక్కడ దిగాం, దారి ఎట్లుంది, నీళ్లు, సరుకులు దొరికాయా అని ఎప్పటికప్పుడు రాసుకున్నారు. అది చూసి నేనూ ఒక నోట్‌బుక్ పెట్టాను. తారీఖు, డ్యూటీ గంటలు, ఓవర్‌టైమ్, చేతికొచ్చిన జీతం, అంతే. రూములో అందరూ నవ్వారు.

తర్వాత అప్పటి మా కంపెనీ మూడు నెలలు జీతాలు ఆపింది. లేబర్ ఆఫీసులో ఏ రోజు ఎన్ని గంటలు చేశారని అడిగితే అందరూ ముఖాలు చూసుకున్నారు. నేను నోట్‌బుక్ తీశాను. మాది ఒకే గ్యాంగు కాబట్టి అందరి లెక్కా దాన్నిబట్టే రాసిచ్చాం. జీతాలు పూర్తిగా వచ్చాయి, ఓవర్‌టైమ్ మాత్రం సగమే వచ్చింది. నోట్‌బుక్ లేకుంటే ఆ సగమూ రాకపోయేది.

అందుకే నా మాట: డ్యూటీ రోజుల్లో డిటెక్టివ్ నవల, శుక్రవారం కాశీయాత్ర లాంటిది చదవండి. పడుకునే ముందు మీ రోజు సంగతి కూడా రెండు లైన్లు రాసుకోండి.

పైబెడ్ తమ్ముడు కూడా నోట్‌బుక్ కొన్నాడు. ఇప్పుడు రాత్రి లైట్ బంద్ చేయనిది వాడే!