కారు నోటికి కట్టు

చెన్నపట్టణమునుండి తిరుపతికి పోవు పెద్ద రోడ్డున పుత్తూరు దాపునకు వచ్చునప్పటికి, ఏడుకొండలవాని దర్శనార్థము పరుగులిడు బండ్ల నడుమ, విరిగిన కాలో చేయో గల బంధువును వెనుక సీటున పరుండబెట్టుకొని మెల్లమెల్లగా వచ్చు తమిళనాడు, కర్ణాటక నంబరుల బండ్లును కొన్ని కానవచ్చును. తరతరములుగా ఎముకలకు ఆకుపసరుతో కట్టు కట్టు కుటుంబములు ఈ యూరి చెంత నుండుటయే యందులకు కారణము. అట్టి బండి కట్టువారి ముంగిట కొంతసేపు నిలిచి, కొన్ని దినములకు మరల అచ్చటనే నిలిచినదని తెలిసినవానికి, లోపలివారి సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. బండి నిలిచిన తావులు తెలిసిన చాలును, మనుజుని రోగమును, మొక్కుబడిని, అప్పును, స్నేహమును ఊహింపవచ్చును. పూర్వ మీ వార్త వీధి యరుగు దాటి పోయెడిది కాదు. నేడు బండియే దానిని ఎన్నడును చూడని వారికి పంపుచున్నది.

మన దేశమున ఈ వింత సామాన్య గృహస్థుని గుమ్మము చేరినది 2019లో. ఆ యేడు మే నెలలో హ్యుందయ్ వెన్యూయు, జూనులో ఎం.జి. హెక్టరును, ఆగస్టులో మన రాయలసీమయందే, పెనుకొండ చెంత ఎర్రమంచి కర్మాగారమున తయారగు కియా సెల్టోసును విపణికి వచ్చినవి. కనెక్టెడ్ కారనుటయే మూడింటి ప్రకటనలలోను ప్రధానమైన బిరుదము. ఆ బిరుదమునకు మూలము బండిలోపల దాగియుండు ఒక చిన్న పెట్టె. టెలిమాటిక్స్ యూనిట్ అని పేరు గల దానియందు, ఫోనులోవలె తీసి మార్చుటకు వీలులేని ఈ-సిమ్మును, ఉపగ్రహముల సాయమున తావు గుర్తించు జి.పి.ఎస్. గ్రాహకమును ఉండును, ఇంజను, బ్రేకులు, తలుపులు, ఎయిర్‌బ్యాగులు మున్నగువాని కంప్యూటర్లు తమలో తాము మాటాడుకొను తీగలతోడను దానికి సంబంధ ముండును. కావున బండి ఎచ్చటనుండి ఎచ్చటికి, ఏ వేళ, ఎంత వేగమున పోయినదియు, బ్రేకు ఎంత గట్టిగా త్రొక్కబడినదియు కంపెనీ సర్వరునకు చేరుటకు అడ్డేమియు లేదు.

చేరిన వార్త యేమగును? జనరల్ మోటార్స్ సంస్థ తన కొనుగోలుదారుల డ్రైవింగు వివరములను లెక్సిస్‌నెక్సిస్, వెరిస్క్ అను సమాచార వర్తకుల కిచ్చుచుండగా, వారివలన గ్రహించిన బీమా కంపెనీలు ప్రీమియము పెంచిన వైనమును 2024 మార్చిలో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టెను. ఆ యేటి డిసెంబరులో వోక్స్‌వ్యాగన్ వారి సుమారు 8 లక్షల విద్యుత్కార్లకు సంబంధించిన సమాచారము ఇంటర్నెట్టులో కాపలా లేక పడియున్నట్లు తేలినది. ఇందు వర్తకము లేదు, కేవలము అజాగ్రత్త. అదే సంవత్సరము అమెరికాలో కొందరు పరిశోధకులు, నంబరు పలక మాత్రము తెలిసిన చాలును, కియా బండి తలుపును దూరమునుండి తెరువవచ్చునని నిరూపించిరి. ఆ లోపమును కంపెనీ పిమ్మట సరిదిద్దినది. ఇవి పరదేశపు ముచ్చట్లని కొట్టివేయరాదు, ఏలయన నడపు తీరును బట్టి ప్రీమియము నిర్ణయించు పాలసీలకు మన బీమా నియంత్రణ సంస్థయు 2022 జులైలో అనుమతి నిచ్చియున్నది.

బండి నోటిని కట్టుట యెట్లు? కొంద రీ మాట వినగనే కత్తెర చేతబట్టుదురు. అది తుది మెట్టు. ముందుగా బండి ఏ తరగతిదో చూడవలెను. 2019 జనవరి 1 మొదలు రిజిస్టరైన టాక్సీలు, బస్సులు వంటి ఎల్లో బోర్డు ప్రయాణికుల బండ్లకు ట్రాకింగు పరికరమును, ఆపద మీటయు ఉండవలెనని కేంద్ర నిబంధన కలదు గనుక వానిని తొలగించుట చట్టవిరుద్ధము. సొంత కారునకు అట్టి నిర్బంధము లేదు. కావున తెరమీది సెట్టింగులలో లొకేషను, డేటా పంపకము అనువానిని ఆపి, ఫోనులోని కంపెనీ యాప్‌నకు ఇచ్చిన అనుమతులు తీసివేసి, ఆ పిమ్మట కనెక్టెడ్ సేవయే రద్దు చేయుమని కంపెనీకి వ్రాయవచ్చును. యాప్‌ను ఫోనునుండి తుడిచివేసినంత మాత్రమున ఖాతా రద్దు కాదు; ఇచ్చటనే పలువురు మోసపోవుదురు. సెకండ్ హ్యాండ్ బండి కొనువారి కీ మాట మరింత ముఖ్యము. అప్పటికి ఐ.బి.ఎం.లో భద్రతా పరిశోధకుడుగానున్న చార్లెస్ హెండర్సన్, తాను అమ్మివేసిన కారు ఏండ్లు గడచినను తన ఫోనులో కానవచ్చుచునే యున్నదని 2017లో తెలిపెను. ఆర్.సి.లో పేరు మారినను సర్వరులో పాత యజమాని పేరే నిలిచియుండవచ్చును. కనుక బేరము కుదిరిన నాడే ఆతనిచేతనే ఖాతా తొలగింపజేసి, తెరను ఫ్యాక్టరీ రీసెట్ చేయించుకొనవలెను.

ఇంతటితో తృప్తి చెందనివారికి ఫ్యూజు కలదు. కొన్ని బండ్లలో టెలిమాటిక్స్ పెట్టెకు ప్రత్యేకమైన ఫ్యూజుండును. మరికొన్నింట అదే ఫ్యూజు మైకునకో స్పీకరునకో కూడ ప్రాణాధారము, దానిని తీసిన ఫోను మాటలును పోవును. ఏంటెన్నా తీగ నూడదీసినచో పంపుట ఆగవచ్చును గాని, వ్రాసికొనుట ఆగదు. డ్యాష్‌బోర్డు విప్పువాడు పసుపుపచ్చని తొడుగు గల తీగలను ముట్టరాదు, అవి ఎయిర్‌బ్యాగులవి. వారంటీ సంగతి సరేసరి. అన్నింటికంటె ముఖ్యముగా, ఆ పెట్టె మూగవోయిన నాడు అద్దము క్రింది ఎస్.ఓ.ఎస్. మీటయు మూగవోవును, భాకరాపేట కనుమలో నడిరేయి బండి లోయవైపు ఒరిగినప్పుడు అది నోరు మెదపదు. ఈ కారణముచేతనే నేను సెట్టింగులవరకు పోయి ఆగుదును. ఫ్యూజు పీకినవారిని తప్పుపట్టను.

ఇంత చేసినను ఎస్.వి.పురము టోల్‌గేటు ఫాస్టాగును చదువును. అలిపిరియందును 2025 ఆగస్టు 15 మొదలు అది తప్పనిసరి యైనది. జేబులోని ఫోను సంగతి చెప్పనే యక్కరలేదు. అయినను టోల్‌గేటు బండి అటు పోయినదని మాత్రమే యెరుగును. బ్రేకు త్రొక్కిన తీరు నెరుగదు.

ఆంతరంగికత పౌరుని మౌలిక హక్కని సుప్రీంకోర్టు పుట్టస్వామి కేసులో 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పెను. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమును, 2025 నవంబరులో దాని నియమావళియు వెలువడినవి. వాని ప్రధాన విధులు కంపెనీల తలకు చుట్టుకొనుటకు 2027 వరకు గడువున్నది. అంగీకార మిచ్చుట యెంత సులభమో, దానిని వెనుకకు తీసికొనుటయు అంత సులభము కావలెనని ఆ చట్టము నిర్దేశించుచున్నది. ఇచ్చుట యెంత సులభమో క్రొత్త బండి కొన్నవారెల్ల రెరుగుదురు: యజమాని చక్రముల క్రింద నిమ్మకాయలు సర్దుచుండగా, షోరూము కుర్రవాడు ఆయన ఫోను చేతికి తీసికొని, అంగీకార మీట తానే నొక్కి యిచ్చివేయును.